అడగనివారికి అండ : మాజీ సైనికుల సేవలో సామాజిక కార్యకర్త

మహాభారతం సభాపర్వంలో నారద మహర్షి ఇంద్రప్రస్థానికి వచ్చి ధర్మరాజును వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. కోశం, కోటలు, వ్యవసాయం, న్యాయం మొదలైన రాజ్యాంగాలన్నీ ఆ ప్రశ్నలలో ప్రస్తావనకు వస్తాయి. వాటి నడుమ సైన్యానికి సంబంధించినవీ ఉన్నాయి. భటులకు జీతబత్యాలు వేళకు అందుతున్నాయా అని నారదుడు విచారిస్తాడు. రాజు కొరకు ప్రాణాలు విడిచినవారి భార్యలకు, ఆపదల పాలైనవారి కుటుంబాలకు పోషణ జరుగుతున్నదా అని అడుగుతాడు. అంధులను, వికలాంగులను, దిక్కులేనివారిని తండ్రివలె కాపాడుతున్నావా అని ప్రశ్నిస్తాడు. నన్నయ ఈ ఘట్టాన్ని తెలుగు చేసి మనకు అందించాడు.

ఈ ఘట్టంలో గమనించదగిన విషయం ఒకటి ఉంది. గాయపడిన భటుడు సభకు వచ్చి తన బాధ చెప్పుకోలేదు. అతని భార్య కూడా రాలేదు. వారి పక్షాన మరొకరు అడిగారు. అడగవలసినవారు అడగలేని స్థితిలో ఉన్నప్పుడు, వారిని వెదకుకుంటూ వెళ్లి, వారికి న్యాయంగా రావలసినది వచ్చేట్లు చూసే పనిని నేటి సమాజం ఒక వృత్తిగా తీర్చిదిద్దింది. దానినే సామాజిక కార్యం అంటున్నాము. ఆ వృత్తిలో మాజీ సైనికుల సేవ ఒక ముఖ్యమైన శాఖ. ఆ సేవ చేయగోరే యువతీయువకులకు ఉండవలసిన అర్హతలేమిటో, ఉత్తర తెలంగాణ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ పాఠంలో తెలుసుకుందాం.

మాజీ సైనికుడు ఎవరు?

సైన్యంలో కొంతకాలం పనిచేసి వచ్చిన ప్రతివానినీ వాడుకలో మాజీ సైనికుడనే అంటాము. ప్రభుత్వ నిబంధనలలో ఆ మాటకు కచ్చితమైన నిర్వచనం ఉంది. పింఛనుతో విరమించినవారు, సేవ కారణంగా కలిగిన అనారోగ్యం వల్ల వైకల్య పింఛనుతో విడుదలైనవారు, సిబ్బంది తగ్గింపులో బయటికి వచ్చినవారు మొదలైనవారికి ఆ హోదా లభిస్తుంది. తన కోరికపై, పింఛను రాకముందే మధ్యలో వచ్చివేసినవారికి సాధారణంగా అది లభించదు. ఈ భేదం తెలియని కార్యకర్త నిరుపేదకు లేని ఆశ కల్పించవచ్చు, లేదా అర్హుడైనవానిని ఉత్త చేతులతో తిప్పి పంపవచ్చు.

సైనికుని జీవితంలో మరొక విశేషం ఉంది. ఇతర ఉద్యోగులు అరవయ్యో పడికి చేరువలో విరమిస్తారు. సిపాయికి పదిహేనేళ్ల సేవతో పింఛను హక్కు ఏర్పడుతుంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయస్సులో చేరినవాడు నలభై ఏళ్లు నిండకముందే ఇంటికి రావడం సర్వసాధారణం. అప్పటికి పిల్లలు బడిలోనే ఉంటారు, ఇల్లు సగం కట్టి ఉంటుంది, తల్లిదండ్రులు వృద్ధులై ఉంటారు. చేతిలో ఉన్న పింఛను ఒక్కటే చాలదు. సైన్యంలో నేర్చిన పని ఊరిలో ఎవరికీ అవసరం కాకపోవచ్చు. ఏళ్ల తరబడి ఆజ్ఞలతో, గంటల లెక్కతో గడిచిన జీవితానికి ఊరి జీవనం కొంతకాలం అపరిచితంగా తోచవచ్చు.

2022లో ప్రకటించిన అగ్నిపథ్‌ పథకం ఈ సమస్యకు కొత్త రూపం ఇచ్చింది. ఆ పథకంలో అగ్నివీరులు నాలుగేళ్లు పనిచేస్తారు. వారిలో నాలుగవ వంతుకు మించకుండా మాత్రమే సాధారణ సేవలోకి తీసుకుంటారు. ప్రకటించిన నిబంధనల ప్రకారం మిగిలినవారికి ‘సేవానిధి’ పేరుతో ఏకమొత్తం లభిస్తుంది గాని, పింఛను, మాజీ సైనికుని హోదా ఉండవు. 2022 చివర శిక్షణలో చేరిన తొలి జట్టుకు నాలుగేళ్లు 2026 చివరకు నిండుతాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల ప్రాయంలో ఊరికి తిరిగివచ్చే ఈ యువకులకు రెండవ జీవితాన్ని నిర్మించుకోవడంలో తోడుపడవలసిన బాధ్యత రాబోయే తరం సామాజిక కార్యకర్తలపై పడనున్నది.

సంస్థల స్వరూపం

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట 1919లో భారత సైనికుల బోర్డు ఏర్పడింది. అదే క్రమంగా మారుతూ 1975లో కేంద్రీయ సైనిక బోర్డుగా రూపొందింది. 2004లో రక్షణ మంత్రిత్వ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికి ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పారు. రాష్ట్రస్థాయిలో సైనిక సంక్షేమ శాఖ, జిల్లాస్థాయిలో సైనిక సంక్షేమ కార్యాలయం పనిచేస్తాయి. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరు అధ్యక్షులు. 1949 నుంచి ఏటా డిసెంబర్‌ 7న జరుపుకొనే సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు మనం ఇచ్చే చిన్న విరాళం యుద్ధంలో గాయపడినవారి, మరణించినవారి కుటుంబాల సహాయార్థం వినియోగమవుతుంది.

మన ప్రాంతంలో కరీంనగర్‌, ఆదిలాబాద్‌ పట్టణాలు ఈ సేవలకు చిరకాలంగా కేంద్రాలు. 2016 అక్టోబర్‌ 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పూర్వపు ఆదిలాబాద్‌ జిల్లా నుంచి మంచిర్యాల, నిర్మల్‌, కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లాలు వేరుపడ్డాయి. పూర్వపు కరీంనగర్‌ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి, మరికొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో చేరాయి. కలెక్టరేటు దగ్గరైనా, సైనికునికి సంబంధించిన అనేక పనులకు దూరం తగ్గలేదు. పెద్ద సైనిక ఆసుపత్రి సికింద్రాబాదులో ఉంది. గోదావరికీ ప్రాణహితకూ మధ్యనున్న అటవీ గ్రామాల వృద్ధునికి ఒక సంతకం కోసం పట్టణానికి వెళ్లిరావడం ఒక రోజు కూలిని, బస్సు ఛార్జీని, తోడు వచ్చే మనిషిని కోరే పని.

ఈ దూరాన్ని తగ్గించేవాడే సామాజిక కార్యకర్త.

యుద్ధగాయం నుంచి పుట్టిన విద్య

సామాజిక కార్యంలోని ఒక ప్రధాన శాఖ సైనికుల కొరకే ఎదిగిందన్న సంగతి చాలామందికి తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతల మధ్య మనసు చెదరిన సైనికులు వేల సంఖ్యలో ఇళ్లకు చేరారు. వారి శరీరంపై గాయం కనిపించదు, కాని నిద్ర పట్టదు, చేతులు వణకుతాయి, చిన్న శబ్దానికి ఉలికిపడతారు. వారికి వైద్యునితో పాటు, ఇంటిని, ఇరుగుపొరుగును అర్థం చేసుకొని సాయపడే శిక్షితులు అవసరమయ్యారు. ఆ అవసరాన్ని తీర్చడానికి 1918లో అమెరికాలోని స్మిత్‌ కళాశాల మానసిక వైద్య సామాజిక కార్యంలో శిక్షణను ప్రారంభించింది. 1926లో ఆ దేశపు మాజీ సైనికుల సంస్థ తన ఆసుపత్రులలో సామాజిక కార్యకర్తల విభాగాన్ని నెలకొల్పింది. నేడు ఆ సంస్థలో సామాజిక కార్యకర్తగా చేరడానికి గుర్తింపు పొందిన కళాశాల నుంచి సామాజిక కార్యంలో స్నాతకోత్తర పట్టా, దానికి తోడు రాష్ట్రం ఇచ్చే వృత్తి అనుమతి కావాలి.

మన దేశంలో ఈ విద్యకు 1936లో బొంబాయిలో పునాది పడింది. ఆనాడు సర్‌ దోరాబ్జీ టాటా పేరిట స్థాపించిన సామాజిక కార్య విద్యాలయమే నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ. అయితే మాజీ సైనికుల సేవకంటూ ప్రత్యేకమైన పట్టా గాని, అందరు సామాజిక కార్యకర్తలకు వర్తించే ఒకే అనుమతి విధానం గాని మన దేశంలో లేవు. కావున విద్యార్థి సాధారణ సామాజిక కార్యవిద్యను అభ్యసించి, దానిలో తగిన ప్రత్యేకతను ఎన్నుకొని, సైనిక జీవితానికి సంబంధించిన జ్ఞానాన్ని స్వయంగా సంపాదించుకోవాలి.

విద్యార్హతలు

ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా ఈ మార్గంలోకి రావచ్చు. తర్వాత మూడు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు డిగ్రీ. సామాజిక కార్యంలోనే డిగ్రీ చేయవచ్చు. లేదా మరే విషయంలోనైనా డిగ్రీ పొందవచ్చు. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివినవారికి తర్వాతి చదువు కొంత సుగమమవుతుంది.

రెండవ మెట్టు రెండేళ్ల స్నాతకోత్తర విద్య. దీనినే ఎం.ఎస్‌.డబ్ల్యు. అంటారు. ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలలోను, హైదరాబాదులోని రోడా మిస్త్రీ సామాజిక కార్య కళాశాలలోను ఈ చదువు ఉన్నది. ఉద్యోగం చేస్తూనో, సైన్యం నుంచి విరమించిన పిమ్మటనో చదవదలచినవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో అవకాశం కల్పిస్తున్నది. ఈ చదువులో వ్యక్తిసేవ, బృందసేవ, సముదాయ సంఘటన, సంక్షేమ పరిపాలన, సామాజిక పరిశోధన ప్రధాన విషయాలు. తరగతి పాఠాలకు సమానమైన ప్రాధాన్యం క్షేత్రకార్యానికి ఉంటుంది. వారంలో కొన్ని రోజులు విద్యార్థి ఆసుపత్రికో, బస్తీకో, సంక్షేమ కార్యాలయానికో వెళ్లి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి, ప్రతి సందర్శనను వ్రాతలో నమోదు చేయాలి. మాజీ సైనికుల సేవపై అభిరుచి గలవారు క్షేత్రకార్యానికి సైనిక సంక్షేమ కార్యాలయాన్ని గాని, వికలాంగుల పునరావాస కేంద్రాన్ని గాని ఇప్పించమని తమ విభాగాన్ని కోరవచ్చు.

మూడవ మెట్టు ప్రత్యేక శిక్షణ. మనోవ్యాధులతో బాధపడేవారికి సేవ చేయదలచినవారికి ఇది అత్యవసరం. 2017 మానసిక ఆరోగ్య పరిరక్షణ చట్టం ‘మానసిక వైద్య సామాజిక కార్యకర్త’ అనే మాటకు నిర్వచనం చెప్పింది. సామాజిక కార్యంలో స్నాతకోత్తర పట్టాతో పాటు, పర్యవేక్షణలో వైద్యశిక్షణ గల రెండేళ్ల ఎం.ఫిల్‌. పూర్తి చేసినవారే ఆ నిర్వచనంలోకి వస్తారు. బెంగళూరులోని నిమ్హాన్స్‌ ఈ విద్యకు పేరెన్నికగన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ఎం.ఫిల్‌. పట్టాను నిలిపివేసింది. చికిత్సా మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్య సామాజిక కార్యం అనే రెండు విషయాలకు మాత్రం 2025–26 విద్యాసంవత్సరం వరకు గడువు ఇచ్చింది. కనుక ఈ దారిని ఎన్నుకొనేవారు తాము చేరదలచిన సంవత్సరపు ప్రకటనను సంస్థ నుంచే తెలుసుకొని నిర్ణయించుకోవాలి.

వికలాంగుల పునరావాస రంగంలో పనిచేసే సామాజిక కార్యకర్తలకు భారత పునరావాస మండలిలో నమోదు విధానం ఉన్నది. ఆ మండలికి ఆధారం 1992 నాటి చట్టం. అనుబంధ ఆరోగ్య వృత్తులకు సంబంధించి 2021లో చేసిన జాతీయ చట్టం వైద్య, మానసిక వైద్య సామాజిక కార్యకర్తలను తన పట్టికలో చేర్చింది. ఈ వృత్తి క్రమంగా చట్టబద్ధమైన రూపాన్ని సంతరించుకుంటున్నదనడానికి ఇవి నిదర్శనాలు.

కాగితం చదవగల నేర్పు

పట్టా ఉన్నంత మాత్రాన పని చేతికి రాదు. మాజీ సైనికుల సేవలో సగభాగం దస్తావేజులతోనే ముడిపడి ఉంటుంది. డిశ్చార్జి పుస్తకం, పింఛను చెల్లింపు ఉత్తర్వు, గుర్తింపు కార్డు అనే మూడింటిని చదవడం రాని కార్యకర్త ఎంత దయాళువైనా ప్రయోజనం స్వల్పం.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. జగిత్యాల ప్రాంతపు పల్లెలో పింఛను తీసుకుంటున్న వృద్ధ హవల్దారు మరణించాడు. అతని పింఛను ఆగిపోయింది. భార్యకు కుటుంబ పింఛను రావాలి. సైనిక దస్తావేజులో ఆమె పేరు పుట్టింటివారు పిలిచే పేరుగా నమోదైంది. ఆధార్‌ కార్డులో అత్తవారి ఇంటిపేరుతో మరొక విధంగా ఉంది. మనం ఇంటిపేరును ముందు వ్రాస్తాము. సైనిక కార్యాలయంలోని ఉత్తరాది గుమాస్తా దానిని చివర వ్రాసి ఉంటాడు. డిశ్చార్జి పుస్తకంలోని చిరునామా ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్రం, కరీంనగర్‌ జిల్లా అని చెబుతున్నది. ఆమె కార్డులో తెలంగాణ రాష్ట్రం, జగిత్యాల జిల్లా అని ఉంది. మనిషి ఒక్కరే, ఊరు ఒక్కటే. కాగితాలపై మాత్రం ఇద్దరు స్త్రీలు, రెండు ఊళ్లు.

ఇక్కడ కార్యకర్త చేయవలసిన పని క్రమబద్ధమైనది. పంచాయతీ నుంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే ప్రమాణపత్రం సిద్ధం చేయించాలి. భర్త పనిచేసిన దళమేదో డిశ్చార్జి పుస్తకంలో చూసి, దాని రికార్డు కార్యాలయమెక్కడో తెలుసుకోవాలి. మద్రాసు రెజిమెంటుదైతే తమిళనాడులోని వెల్లింగ్టన్‌కు, ఫిరంగి దళమైతే నాసిక్‌ రోడ్డుకు, విద్యుత్‌ యాంత్రిక ఇంజనీర్ల దళమైతే సికింద్రాబాదుకు దరఖాస్తు వెళ్లాలి. సైన్యపు పింఛను మంజూరు చేసే రక్షణ గణాంక కార్యాలయం ప్రయాగరాజ్‌లో ఉంది. ఇటీవలి సంవత్సరాలలో రక్షణ పింఛన్లు ‘స్పర్శ్‌’ అనే కంప్యూటరు విధానంలోకి మారాయి. ఏటా జీవన ప్రమాణపత్రం సమర్పించకపోతే పింఛను నిలిచిపోతుంది. వేలిముద్రలు అరిగిన చేతులు, మారిన ఫోను నంబర్లు ఈ విధానంలో పెద్ద అడ్డంకులు.

పేరు సరిపడడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలలలో ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, మందులు కొంటున్నారా, అప్పు ఎక్కడ తెచ్చారు అని అడిగేవారు ఉండాలి. గుమాస్తాకు దరఖాస్తు కనిపిస్తుంది. కార్యకర్తకు దరఖాస్తు వెనుకనున్న మనిషి కూడా కనిపించాలి. ఈ రెండూ చూడగలగడమే అతని వృత్తినైపుణ్యం.

అందుచేతనే పథకాల పరిజ్ఞానం నిత్యం పదును పెట్టుకోవలసిన ఆయుధం. 2003 ఏప్రిల్‌ 1న ప్రారంభమైన మాజీ సైనికుల సహకార ఆరోగ్య పథకం సభ్యులకు, వారి ఆశ్రితులకు వైద్యం అందిస్తుంది. ‘ఒకే హోదాకు ఒకే పింఛను’ విధానం 2014 జూలై 1 నుంచి వర్తించేట్లు 2015లో ఉత్తర్వులు వెలువడ్డాయి. పింఛను లేని, అరవై ఐదేళ్లు నిండిన నిరుపేద మాజీ సైనికులకు, వారి వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా ఇచ్చే సహాయాన్ని నెలకు 4,000 రూపాయల నుంచి 8,000 రూపాయలకు పెంచుతూ 2025 అక్టోబరులో నిర్ణయం జరిగింది. అదే సంవత్సరం జూలైలో జాతీయ న్యాయసేవల సంస్థ సైనిక కుటుంబాలకు ఉచిత న్యాయసహాయం అందించే పథకాన్ని ప్రారంభించింది. వైకల్య పింఛను వంటి వివాదాలకు 2007 చట్టం ప్రకారం సాయుధ దళాల ట్రిబ్యునల్‌ ఉన్నది. ఈ సంగతులు తెలియని కారణంగానే ఎందరో తమ హక్కును భిక్షగా భావించి మౌనంగా ఉండిపోతారు.

స్వభావార్హతలు

సైనికుడు సహాయం అడగడానికి వెనుకాడతాడు. అది అతని శిక్షణలోనే ఉంది. బాధను ఓర్చుకోవడం, ఫిర్యాదు చేయకపోవడం, తోటివారికి భారం కాకపోవడం అతనికి నేర్పిన విలువలు. యుద్ధరంగంలో అవి భూషణాలు. ముసలితనంలో, అనారోగ్యంలో, అప్పుల బాధలో అవే అతనికి సంకెళ్లు కావచ్చు. మన పల్లెలలో ‘మిల్ట్రీ’ అన్న మాటను పేరుకు ముందు చేర్చి గౌరవంగా పిలుస్తారు. ఆ గౌరవాన్ని పోగొట్టుకోవలసి వస్తుందేమోనన్న భయంతో తన కష్టాన్ని ఆ మనిషి ఇంట్లోవారికి కూడా చెప్పడు.

అట్టివాని ఇంటికి వెళ్లిన కార్యకర్త సంచిలోని కాగితాలు ముందుగా తీయకూడదు. “బాపూ, బాగున్నరా?” అని పలకరించి, అరుగుపై కూర్చొని, ఏ దళంలో పనిచేశారో, ఎక్కడెక్కడ తిరిగారో చెప్పనివ్వాలి. ఇంట్లోని అవ్వతో వేరుగా మాట్లాడే తీరిక చూసుకోవాలి. భర్త చెప్పని సంగతి భార్య మాటలలో తెలుస్తుంది. ఆదిలాబాద్‌ గిరిజన గ్రామాలలో ఈ మెళకువ మరింత అవసరం. ఏళ్ల తరబడి సైన్యంలో ఉన్న గోండు సైనికుడు హిందీ ధారాళంగా మాట్లాడవచ్చు. అతని భార్యకు గోండి తప్ప మరొక భాష సరిగా రాకపోవచ్చు. ఆమె మాట ఆమె భాషలో వినగలవారిని వెంటబెట్టుకొని వెళ్లడం కూడా కార్యకర్త బాధ్యతే.

1957లో ఫెలిక్స్‌ బీస్టెక్‌ వ్యక్తిసేవకు ఏడు సూత్రాలను చెప్పాడు. ప్రతి వ్యక్తినీ ప్రత్యేకంగా చూడడం, అతని భావాలు వెలిబుచ్చే అవకాశమివ్వడం, తన ఉద్వేగాన్ని అదుపులో ఉంచుకోవడం, ఉన్నవానిని ఉన్నట్లు అంగీకరించడం, తీర్పులు చెప్పకపోవడం, నిర్ణయాధికారాన్ని అతనికే వదలడం, రహస్యాన్ని కాపాడడం అనేవే ఆ సూత్రాలు. వీటిలో రహస్యపాలన పల్లెలో అత్యంత కఠినం. ఒకరి ఇంటి మాట సాయంత్రానికల్లా రచ్చకట్టకు చేరే చోట, విన్నదానిని తనలోనే దాచుకోగల కార్యకర్తనే ఊరు నమ్ముతుంది. మద్యానికి లోనైన మనిషికి నీతిబోధ చేయడం తేలిక. ఆ అలవాటు వెనుక నిద్రలేని రాత్రులున్నాయేమో ఓపికగా తెలుసుకోవడం కష్టం. రెండవదే వృత్తిధర్మం.

మాజీ సైనికుడనగానే రోగి అని భావించడం కూడా పొరపాటే. అధికసంఖ్యాకులు ఊరికి వచ్చి వ్యవసాయంలోనో, ఉద్యోగంలోనో కుదురుకొని, గ్రామానికి ఆదర్శంగా నిలుస్తారు. అందరినీ జాలితో చూసే కార్యకర్త వారి ఆత్మగౌరవాన్ని గాయపరుస్తాడు.

తన హద్దు తెలియడం

సామాజిక కార్యకర్త వైద్యుడు కాడు, న్యాయవాది కాడు. వారి వద్దకు సకాలంలో చేర్చేవాడు. యుద్ధానుభవాల వంటి తీవ్రమైన ఆఘాతాల తర్వాత కలిగే మానసిక రుగ్మతను 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది. పీడకలలు, ఉలికిపాటు, జనసమ్మర్దాన్ని తప్పించుకోవడం, అకారణ కోపం వంటి లక్షణాలను కార్యకర్త గుర్తుపట్టగలగాలి గాని, వ్యాధి పేరు తానే నిర్ణయించకూడదు. మందులు అసలే సూచించకూడదు. ఆదిలాబాదులోని రిమ్స్‌ వంటి ప్రభుత్వ వైద్యసంస్థకు గాని, సైనిక ఆసుపత్రికి గాని పంపాలి. ప్రాణానికి అపాయం కలిగించే మాటలు చెవినబడినప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు. 2022 అక్టోబర్‌ 10న ప్రారంభమైన టెలి-మానస్‌ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది. 2023 డిసెంబరులో సైనికులకు, వారి కుటుంబాలకు అందులో ప్రత్యేక విభాగం ఏర్పడింది.

శరీరవైకల్యం పొందినవారి కొరకు పూణెలో కృత్రిమ అవయవాల కేంద్రం, దానికి సమీపంలోని ఖడ్కీలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికుల పునరావాస కేంద్రం పనిచేస్తున్నాయి. ఇటువంటి సంస్థల ఉనికిని, అక్కడికి చేరే మార్గాన్ని తెలిసి ఉండడం కార్యకర్తకు ఆవశ్యకం.

ఉపాధి అవకాశాలు

ఈ రంగంలో ఉద్యోగం కోరే విద్యార్థి వాస్తవాన్ని తెలిసికొని అడుగు వేయాలి. జిల్లా సైనిక సంక్షేమ అధికారులుగా విరమించిన సైనికాధికారులను నియమిస్తారు. ఆ కార్యాలయాలలోని సంక్షేమ నిర్వాహకుల పదవులు కూడా మాజీ సైనికులకే ఉద్దేశించినవి. కాబట్టి సైన్యంలో పనిచేయని యువతకు ఆ ద్వారం దాదాపు మూసి ఉన్నట్లే. అయినా దారులు లేకపోలేదు. ఆసుపత్రులలో వైద్య సామాజిక కార్యకర్తలుగా, మానసిక ఆరోగ్య విభాగాలలో, పునరావాస కేంద్రాలలో, న్యాయసేవల సంస్థలలో, స్వచ్ఛంద సంస్థలలో పనిచేస్తూ మాజీ సైనికుల కుటుంబాలకు సేవ చేయవచ్చు.

సైన్యం నుంచి విరమించినవారే ఈ విద్యను అభ్యసిస్తే మరింత మేలు. కార్యాలయ భాష, దళాల సంప్రదాయం వారికి పుట్టుకతో వచ్చినంత సహజం. అయితే స్వానుభవం ఒక్కటే చాలదు. ‘నేనూ ఓర్చుకున్నాను, నీవూ ఓర్చుకో’ అనే ధోరణి వారిలో తొంగిచూసే ప్రమాదముంది. శిక్షణ ఆ ధోరణిని సరిదిద్దుతుంది. అదేవిధంగా సైన్యం ఎరుగని యువకునికి శాస్త్రజ్ఞానం ఉంటుంది గాని, సైనికుని నమ్మకాన్ని సంపాదించుకోవడానికి వినయం, ఓర్పు కావాలి. ఇరువురూ కలిసి పనిచేసిన చోట సేవ పరిపూర్ణమవుతుంది.

ముగింపు

పట్టా, దస్తావేజుల పరిజ్ఞానం, సత్స్వభావం, తన హద్దును ఎరిగిన వివేకం అనే నాలుగూ మాజీ సైనికుల సేవకు అర్హతలు. వీటిలో మొదటిది విశ్వవిద్యాలయం ఇస్తుంది. రెండవది కార్యాలయాల చుట్టూ తిరిగితే అలవడుతుంది. మిగిలిన రెండింటినీ ఎవరికి వారే సాధన చేసి సంపాదించుకోవాలి.

విద్యార్థులారా! మీ ఊరిలోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఉండే ఉంటారు. ఆగస్టు పదిహేనున బడి ప్రాంగణంలో జెండా వందనానికి వారిని పిలుస్తాము, శాలువా కప్పుతాము. అది మంచి సంప్రదాయమే. ఆ మరునాడు వారి ఇంటికి వెళ్లి, జీవన ప్రమాణపత్రం ఇచ్చారా, ఇంటి ఇల్లాలి పేరు పింఛను కాగితంలో సరిగా ఉన్నదా అని అడిగి చూడండి. ఈ చిన్న ప్రశ్నకు డిగ్రీ అవసరం లేదు. సమాధానం ‘లేదు’ అని వస్తే ఏమి చేయాలో తెలియడానికి మాత్రం చదువు కావాలి. ఆ చదువును ఎన్నుకొనే అవకాశం ఇంటర్మీడియట్‌ దాటుతున్న మీ ముందున్నది.